బక్ కన్వర్టర్ లేఅవుట్: ముందు పెట్టాల్సింది ఇన్‌పుట్ కెపాసిటరే

నమస్కారం. స్కీమాటిక్ అదే, పార్టులూ అవే. అయినా ఒక బోర్డు ఈఎంఐ టెస్టు (బోర్డు బయటికి వదిలే విద్యుదయస్కాంత నాయిస్‌ని కొలిచే పరీక్ష) పాసవుతుంది, ఇంకోటి ఫెయిలవుతుంది. ఎందుకో ఈ బక్ కన్వర్టర్, అంటే వోల్టేజ్‌ని తగ్గించే సర్క్యూట్ మీద చూద్దాం.

పై మాస్‌ఫెట్ (స్విచ్‌గా పనిచేసే ట్రాన్సిస్టర్) ఆన్‌లో ఉన్నప్పుడు కరెంటు వెళ్లే దారిని ఎర్ర గీతతో గీస్తున్నాను. కింది మాస్‌ఫెట్ ఆన్ అయినప్పటి దారి నీలం. ఇండక్టర్ మీద రెండు గీతలూ ఉన్నాయి కదా, అంటే అక్కడ కరెంటు ఆగట్లేదు. ఒక్క రంగే ఉన్నవి ఏవి? ఇన్‌పుట్ కెపాసిటర్, రెండు మాస్‌ఫెట్లు. కరెంటు కొన్ని నానోసెకన్లలో మొదలై, అంతే వేగంగా ఆగిపోయేది ఇక్కడే. దీన్నే హాట్ లూప్ అంటారు.

ఒక చిన్న లెక్క చేద్దాం. కింద గ్రౌండ్ ప్లేన్ (గ్రౌండ్‌కి కలిపిన రాగి పొర) లేని సన్నని ట్రేస్‌కి, అంటే బోర్డు మీది రాగి దారికి, మిల్లీమీటరుకు సుమారు 1 నానోహెన్రీ ఇండక్టెన్స్ ఉంటుంది. కెపాసిటర్‌ని దూరంగా పెట్టి లూప్‌లో 10 నానోహెన్రీలు తెచ్చుకున్నామనుకోండి. 5 ఆంపియర్లు 5 నానోసెకన్లలో మారితే, ఇండక్టెన్స్ ఇంటూ కరెంటు మారే వేగం, 10 వోల్టులు! మీ 12 వోల్టుల సప్లై మీద ఇంత స్పైకు, దాని వెంటే పదుల, వందల మెగాహెర్ట్జ్‌లలో రింగింగ్, అంటే వోల్టేజ్ పైకీ కిందికీ ఊగడం. ఆ లూప్ యాంటెన్నాలా పనిచేస్తుంది.

అందుకే నేను మొదట పెట్టేది సిరామిక్ ఇన్‌పుట్ కెపాసిటర్. మాస్‌ఫెట్లు ఉన్న వైపే, వాటికి ఆనుకుని. బోర్డు అవతలి వైపు పెడితే మధ్యలో వయాలు (లేయర్లను కలిపే రాగి పూసిన రంధ్రాలు) వస్తాయి, వాటి ఇండక్టెన్స్ కూడా లూప్‌లోనే కలుస్తుంది. కింది లేయర్‌లో ఎక్కడా తెగని గ్రౌండ్ ప్లేన్ ఉండాలి. వోల్టేజ్‌ని పెంచే బూస్ట్ కన్వర్టర్‌లో మాత్రం హాట్ లూప్ అవుట్‌పుట్ వైపు ఉంటుంది. అక్కడ ముందు పెట్టాల్సింది అవుట్‌పుట్ కెపాసిటర్. ఇది చాలామంది మర్చిపోతారు.

స్విచ్ నోడ్ (రెండు మాస్‌ఫెట్లూ ఇండక్టరూ కలిసే చోటు) రాగి సంగతి: వేడి పోవాలని దాన్ని విశాలంగా పరచాలనిపిస్తుంది. వద్దు. వోల్టేజ్ ఎగిరిపడేది అక్కడే, రాగి పెరిగేకొద్దీ చుట్టుపక్కల వాటితో కెపాసిటెన్స్ పెరుగుతుంది. అవుట్‌పుట్ వోల్టేజ్‌ని కంట్రోలర్‌కి తెలిపే ఫీడ్‌బ్యాక్ ట్రేస్‌ని దాని దరిదాపుల్లోకి రానివ్వకండి.

ఇక ఫిల్టర్. నా బోర్డు ఒకటి దీనివల్లే ఫెయిలైంది. ఇన్‌పుట్ ఫిల్టర్ ఇండక్టర్‌ని పవర్ ఇండక్టర్ పక్కనే పెట్టాను. పవర్ ఇండక్టర్ అయస్కాంత క్షేత్రం నేరుగా ఫిల్టర్ కాయిల్‌లో వోల్టేజ్ పుట్టించింది. ఫిల్టర్ విలువలు ఎంత పెంచినా నాయిస్ దాన్ని దాటుకుని కేబుల్‌లోకి వెళ్లిపోయింది. రెండు వారాలు విలువలే మార్చాను. చివరికి ఫిల్టర్‌ని కనెక్టర్ దగ్గరికి జరిపి, పవర్ ఇండక్టర్‌కి దూరం చేశాకే రీడింగ్ దిగింది.

బోర్డు చేతికొచ్చాక స్విచ్ నోడ్‌ని స్కోప్‌లో చూడండి. ప్రోబ్ పొడవాటి గ్రౌండ్ వైరు తీసేసి, దాని కొన దగ్గర చిన్న గ్రౌండ్ స్ప్రింగ్ పెట్టండి. లేకపోతే ఆ వైరు లూప్ పట్టుకున్న రింగింగ్‌ని మీ బోర్డుదే అనుకుంటారు.