చేపల వాసన పోతేనే ఒడ్డు బాగుపడుతుందా?

(ఒడిశాలోని గోపాలపురం ఒడ్డు, పొద్దున్నే. వెనక ఫైబర్ బోట్లు, దూరంగా లైట్‌హౌస్.)

నమస్కారం అండీ. బరంపురం నుంచి ఇక్కడికి వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు, "ఈ బోట్లూ వలలూ తీసేస్తే బీచ్ ఎంత బాగుంటుందో!" అని. ఇందాక ఓ పెద్దాయనా అదే అన్నారు. విని విని విసుగొచ్చి ఈ వీడియో చేస్తున్నా.

పల్లెలో పెళ్లి గుర్తు తెచ్చుకోండి. పందిరి వెనక గాడిపొయ్యి, పొగ, జిడ్డు. అయినా పిల్లలు మూగేది ఎక్కడ? బూందీ దూసే చోటే. పొగ వస్తోందని పొయ్యి ఆర్పేస్తే విస్తట్లో ఏం వడ్డిస్తారు?

న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ వాళ్లు పొయ్యి ఆర్పలేదు. విన్యార్డ్ క్వార్టర్ అని, పెట్రోలు ట్యాంకులూ చేపల బోట్లూ ఉండే రేవు. 2011లో రగ్బీ ప్రపంచ కప్పు నాటికి మొదటి భాగం జనానికి తెరిచారు. చేపల బోట్లు ఉన్నచోటే ఉన్నాయి, పక్కనున్న పాత షెడ్లలో హోటళ్లు వచ్చాయి. సిమెంటు నిల్వ చేసిన సైలోలు, అంటే ఎత్తయిన గుండ్రటి గాదెలు, కూల్చకుండా అక్కడే పార్కు కట్టారు. అక్కడికి నడిచి వెళ్లే వంతెన ఒకటుంది, బోటు వస్తే పైకి లేస్తుంది. నాకు బాగా నచ్చింది ఇదే: ఆగేది బోటు కాదు, టూరిస్టు!

అలాగని చుట్టాల్ని కాగే నూనె పక్కనుంచి నడిపించం కదా. కట్టెలు తెచ్చే దారి వేరు, వడ్డించే దారి వేరు. రేవులోనూ అంతే, ఐసు బండికి ఒక దారి, పిల్లల తోపుడు బండికి ఇంకో దారి. చేపలు కడిగిన నీళ్ల సంగతీ చూడాలి. ఆక్లాండ్‌లో అయితే వీధిలో పడ్డ వాననీరు మొక్కల మళ్లలో వడకట్టుకున్నాకే సముద్రంలో కలుస్తుంది.

మనది అంత రేవు కాదు, తెలుసు. ఇక్కడ బోట్లు ఇసుక మీదకే లాగుతారు. కానీ ఉత్తరాన ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర తాబేళ్లను కాపాడటానికి నవంబరు 1 నుంచి మే 31 దాకా 20 కిలోమీటర్ల మేర చేపల వేట నిషేధం. ఆ ఏడు నెలలు మత్స్యకారుడి ఇల్లు ఎలా గడవాలి? కొట్లు, గదులు, తినుబండారాలు అక్కరకొచ్చేది అప్పుడే, అవి ఊరివాళ్ల చేతిలో ఉంటేనే.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. ఒడ్డు అందంగా మారితే అద్దెలు పెరుగుతాయి. ముందు పోయేది ఎండుచేపలు ఆరబెట్టుకునే అమ్మల జాగా. ప్లాన్‌లో అది మొదట గీయాలి, కాఫీ షాపు తర్వాత. మరుగుదొడ్లు, లైట్లు, ఐసు ప్లాంటు... సరే, అవి ఇంకో వీడియోలో.

తమ్ముడూ, కెమెరా అటు తిప్పు. చేపల వేలంపాట మొదలైంది. ఇందాక బోట్లు తీసేయమన్న పెద్దాయనే, చూడండి, ముందు వరసలో ఫోన్ పట్టుకుని!