గర్భసంచి ముఖద్వార పరీక్ష: బల్ల ఎక్కే ముందే తెలియాల్సిన సంగతులు

(దృశ్యం: ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వరండా. గోడవారగా బెంచీ. నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. గది గుమ్మానికి ఆకుపచ్చ తెర.)

వ్యాఖ్యాత: నమస్కారం. పీహెచ్‌సీలో డాక్టరుగా పనిచేస్తున్న నాకు ఈ బెంచీ బాగా తెలుసు. ఇక్కడ కూర్చుని ఆ తెర వైపు చూసే ఆడవాళ్ల ముఖాల్లోని టెన్షన్ కూడా తెలుసు.

"30 ఏళ్లు దాటినవాళ్లంతా క్యాన్సర్ టెస్టుకు రండి" అని ఆశా కార్యకర్త ఇంటింటికీ చెప్పి వెళ్తుంది. వినేవాళ్ల చెవిన పడేది అందులో "క్యాన్సర్" అన్న ఒక్క మాటే. "నాకేం రోగం లేదు కదమ్మా, నాకెందుకు?" అంటారు. కొందరు బెంచీ దాకా వచ్చి కూడా, లోపల ఏం చేస్తారో తెలియక, బస్సు టైమైందని లేచి వెళ్లిపోతారు. వాళ్లను తప్పు పట్టలేను. వాళ్లకు అర్థమయ్యేలా మేమే చెప్పలేదు.

(తెరపై: జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019–21)

ఈ సర్వే నాటికి మన దేశంలో 30 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. ముందుగా కనిపెడితే పూర్తిగా ఆపగలిగిన క్యాన్సర్ ఇది. అందుకే ఈ వీడియోలో ఎక్కువసేపు దీని గురించే మాట్లాడతాను.

(దృశ్యం: తెర లోపల. ఏఎన్‌ఎం, నలభై ఏళ్ల ఒక అక్క.)

అక్క: బట్టలన్నీ తీయాలా సిస్టర్?

ఏఎన్‌ఎం: అక్కర్లేదక్కా. చీర పైకి జరుపుకుంటే చాలు. దుప్పటి కప్పుతాను. తలుపు గడియ వేశాను, ఎవరూ రారు.

అక్క: ఏమైనా కోస్తారా?

ఏఎన్‌ఎం: కోయడం, సూది వేయడం ఏమీ లేదు. లోపలికి కనిపించడానికి ఈ పరికరం పెడతాను. ఇదిగో, చేత్తో పట్టుకుని చూడండి. పెట్టేటప్పుడు కాస్త ఇబ్బందిగా ఉంటుంది. నొప్పి అనిపిస్తే "ఆపు" అనండి, ఆపేస్తాను.

వ్యాఖ్యాత: ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఆ పరికరాన్ని ఆమె చేతికిచ్చి చూపించడం, "ఆపు అంటే ఆపేస్తాను" అనడం. ఈ రెండింటికీ రెండు నిమిషాలు కూడా పట్టదు. ఏఎన్‌ఎంలు, సీహెచ్‌ఓలు (సామాజిక ఆరోగ్య అధికారులు) ఈ వీడియో చూస్తుంటే, ఎంత రద్దీ ఉన్నా ఈ రెండు నిమిషాలు మాత్రం తగ్గించకండి.

(బొమ్మ: గర్భసంచి, దాని కింది భాగంలో ముఖద్వారం.)

గర్భసంచికి కింది వైపున సన్నటి మెడలా ఉండేదే ముఖద్వారం. దాని మీద 3 నుంచి 5 శాతం ఎసిటిక్ ఆమ్లం అద్దుతారు. వంటల్లో వాడే వినెగర్‌లో ఉండేది ఇదే. ఒక నిమిషం ఆగి, మంచి వెలుతురులో చూస్తారు. మామూలు కణాలు గులాబీ రంగులోనే ఉంటాయి. మార్పు వచ్చినచోట తెల్లటి మచ్చ తేలుతుంది. దీన్నే వీఐఏ పరీక్ష అంటారు. ఫలితం అక్కడికక్కడే చెప్పేయవచ్చు. నెలసరి రోజుల్లో మాత్రం చేయరు. మామూలుగా 30 నుంచి 65 ఏళ్ల వరకు, అయిదేళ్లకోసారి చేయించుకోవాలి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు ఇంకా ముందుగా, ఇంకా తరచుగా అవసరం.

"ఇంత చిన్న పరీక్షతో ప్రాణాలు నిలబడతాయా?" అని అడుగుతారు. ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో మురికివాడల్లో ఒక అధ్యయనం మొదలుపెట్టింది. 35 నుంచి 64 ఏళ్ల మధ్య ఆడవాళ్లు దాదాపు లక్షన్నర మంది అందులో ఉన్నారు. పరీక్షలు చేసింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు. పరీక్షతో పాటు క్యాన్సర్ గురించి కూర్చోబెట్టి వివరంగా చెప్పేవారు కూడా. పరీక్షలు చేయని బృందంతో పోలిస్తే, చేసిన బృందంలో ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి.

(దృశ్యం: అక్క కూర్చుని ఉంది. ముఖం వాడిపోయింది.)

అక్క: తెల్లమచ్చ ఉందంటున్నారు. అంటే నాకు క్యాన్సరేనా సిస్టర్?

ఏఎన్‌ఎం: కాదక్కా. ఇంకొంచెం దగ్గరగా చూడాలి, అంతే. పెద్దాసుపత్రికి చీటీ రాస్తాను.

వ్యాఖ్యాత: తెల్లమచ్చ కనబడ్డవాళ్లలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు. కొందరికి మామూలు ఇన్ఫెక్షన్ ఉంటుంది. కొందరికి, వదిలేస్తే ఎప్పటికో క్యాన్సర్‌గా మారగల కణాలు ఉంటాయి. అలా మారడానికి సాధారణంగా 15, 20 ఏళ్లు పడుతుంది. అంత వ్యవధి ఉంది కాబట్టే ఈ పరీక్షకు విలువ. పెద్దాసుపత్రిలో ముఖద్వారాన్ని పెద్దదిగా చూపించే కాల్పోస్కోప్ అనే పరికరంతో చూస్తారు, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఆ కణాలను వేడితో కాల్చేసే, లేదా చలితో గడ్డకట్టించే వైద్యం చాలామందికి సరిపోతుంది. అదేరోజు ఇంటికి వెళ్లిపోవచ్చు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ క్యాన్సర్‌కు దాదాపు ఎప్పుడూ కారణం హెచ్‌పీవీ అనే వైరస్. కలయిక ద్వారా వస్తుంది అనగానే ఇళ్లలో అనుమానాలు, నిందలు మొదలవుతాయి. దయచేసి అలా చేయకండి. కాపురం చేసే ఆడా మగా చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుంది. ఎక్కువమందిలో రెండేళ్లలోపు దానంతటదే పోతుంది. కొద్దిమందిలో ఏళ్లతరబడి బయటపడకుండా ఉండిపోతుంది. ఎవరి నడవడికనూ ఇది తేల్చదు.

(దృశ్యం: వ్యాఖ్యాత కెమెరాకు దగ్గరగా.)

ఇప్పుడు నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం. "తెల్లబట్ట అవుతోంది, నడుం నొప్పి" అని వెళ్లిన మనిషికి "గర్భసంచికి పుండు పడింది, తీసేయకపోతే క్యాన్సర్ అవుతుంది" అని చెప్పి ఆపరేషన్ చేసేసిన సందర్భాలు మన ఊళ్లలో ఎన్నో. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి సుమారు ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో ఎనిమిదిమంది. దేశంలోనే ముందున్నవి మన రెండు రాష్ట్రాలు. అంటే క్యాన్సర్ భయం మన ఆడవాళ్లకు ఎప్పటినుంచో ఉంది. పరీక్ష మాత్రం వాళ్ల దాకా రాలేదు.

నిజంగా ఆపరేషన్ అవసరమైన జబ్బులూ ఉన్నాయి, కాదనను. కానీ క్యాన్సర్ పేరు చెప్పి తీయించుకోమంటే, "ఏ పరీక్షలో తేలింది? రిపోర్టు ఇవ్వండి" అని అడగండి. రిపోర్టు తీసుకుని ఇంకో డాక్టరుకు చూపించండి. ఇప్పటికే తీయించుకున్నవాళ్లు డిశ్చార్జి కాగితాలు తీసుకురండి. ముఖద్వారం కూడా తీశారా లేదా అన్నదాన్ని బట్టి పరీక్ష అవసరమో కాదో చెప్పగలం.

ముట్లుడిగినవాళ్లకు వీఐఏ అంత నమ్మకంగా పనిచేయదు. చూడాల్సిన భాగం లోపలికి జరిగిపోతుంది. వాళ్లకు హెచ్‌పీవీ పరీక్షో, ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పాప్ స్మియరో మేలు. ముట్లుడిగాక రక్తం కనిపించినా, కలయిక తర్వాత రక్తం పడినా, క్యాంపు ఎప్పుడు పెడతారా అని చూస్తూ కూర్చోవద్దు. వెంటనే డాక్టరు దగ్గరికి రండి.

(దృశ్యం: టార్చి వెలుగులో నోరు తెరిచిన పెద్దాయన.)

అదే రోజు రొమ్ము, నోరు కూడా చూస్తారు. నోటి పరీక్షకు మగవాళ్లూ రావాలి. గుట్కా, ఖైనీ, చుట్ట అలవాటున్నవాళ్లయితే తప్పకుండా. ఉత్తరాంధ్రలో చుట్టను నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగే అవ్వలు, తాతలు ఉన్నారు. వాళ్లకు అంగిట్లో పుండ్లు, మచ్చలు వస్తాయి. కాబట్టి టార్చి వేసినప్పుడు బుగ్గలు చూసి వదిలేయకండి సిస్టర్, తల వెనక్కి వంచమని అంగిలి కూడా చూడండి.

క్యాన్సర్ అని తేలితే వైద్యం ఖర్చుకు ఆంధ్రాలో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ ఉన్నాయి.

(దృశ్యం: మళ్లీ వరండా. ఏఎన్‌ఎం రిజిస్టరు రాస్తోంది.)

ఏఎన్‌ఎం: ఫోన్ నంబరు చెప్పక్కా.

అక్క: మా ఆయనది రాసుకోండి.

వ్యాఖ్యాత: ఒకసారి మచ్చ కనబడిన ఒకామె కోసం రెండు నెలలు ఫోన్ చేశాం. రిజిస్టరులో ఉన్నది వేరే ఊళ్లో పనిచేసే కొడుకు నంబరు. అతను ఎత్తేవాడు, చెప్తానండీ అనేవాడు. తల్లికి ఏమని చెప్పాలో తెలియక ఆ అబ్బాయి చెప్పనేలేదు. చివరికి ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి కూర్చుని మాట్లాడితే, మర్నాడే వచ్చింది.

ఏఎన్‌ఎం: మీ చేతిలో ఉండే ఫోన్ ఏదక్కా? లేకపోతే మీరు నమ్మే చెల్లెలిదో, పక్కింటామెదో చెప్పండి. ఫలితం వాళ్లకు చెప్పను, మిమ్మల్ని పిలవమంటాను.

అక్క: అయితే మా చెల్లిది రాయండి సిస్టర్. దానికీ 30 దాటాయి.