కాల్ లెటర్‌లో లేని ఆ ఒక్క వాక్యం

వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న హెచ్ఆర్ మిత్రులకు, కుర్చీలు చాలక గోడకు ఆనుకుని నిలబడ్డ పిల్లలకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలనే ఉంది. కానీ మధ్యాహ్నం మీకు మాక్ ఇంటర్వ్యూలు ఉన్నాయన్నారు, ఆ టైం నేను తినేయకూడదు.

ఇంటర్వ్యూకి ఎంత ఫార్మల్‌గా వెళ్లాలి అన్న విషయం మీద మాట్లాడమన్నారు. చొక్కా, కోటు, షూస్ అంటూ కాగితం నిండా రాసుకొచ్చాను. అవీ చెబుతాను. అంతకంటే ముందు ఒక దారం ముక్క గురించి చెప్పాలి. చాలా ఏళ్లుగా అది నన్ను వదలడం లేదు.

అప్పట్లో నేనొక కంపెనీలో ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చునేవాణ్ణి. మేం ముగ్గురం. ఉక్కగా ఉందని చొక్కా చేతులు పైకి మడుచుకుని కూర్చున్నాం. ఒక కుర్రాడు లోపలికొచ్చాడు. నల్ల కోటు, కొత్తది. చేతి అంచు దగ్గర బ్రాండ్ పేరున్న గుడ్డ ముక్క కూడా తీయలేదు. మమ్మల్ని చూశాడు, ఒకసారి తన కోటు చూసుకున్నాడు, కూర్చున్నాడు. సబ్జెక్టులో గట్టివాడు. అడిగినదానికల్లా తడుముకోకుండా చెప్పాడు. ఒక ప్రశ్నకు, బోర్డు మీద రాసి చూపిస్తాను సార్ అని లేచి అటు తిరిగాడు.

కొత్త కోటు వెనకాల కింద చీలిక ఉంటుంది చూడండి. దుకాణానికి చేరేలోపు అది మడత పడకుండా ఇంటూ గుర్తులాగా నాలుగు కుట్లు వేసి పంపుతారు. కొన్నాక మనమే కత్తిరించేసుకోవాలి. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. నల్ల కోటు మీద తెల్ల దారం. నా పక్కనున్నాయన నవ్వారు. పెద్దగా ఏం కాదు, కానీ గది చిన్నది. మార్కర్ ఆగిపోయింది. సమీకరణం సగంలో ఉంది. ఎడమ చేత్తో నడుం వెనక ఒకసారి తడుముకున్నాడు, దారం చేతికి తగిలింది. ఇక మిగతా సగం రాయలేకపోయాడు.

అతను వెళ్లాక మేం మాట్లాడుకున్నది ఆ సగం సమీకరణం గురించి కాదు, దారం గురించి. మార్కుల కాగితంలో ‘ప్రెజెంటేషన్ సరిపోదు’ అని రాసిందెవరో తెలుసా? నవ్వినాయన కాదు. నేను. ఉద్యోగం వేరొకరికి వెళ్లింది.

మేం పంపిన కాల్ లెటర్‌లో అన్నీ ఉన్నాయి. ఏ అంతస్తు, ఏ గది, ఎన్ని ఫొటోలు, ఏయే సర్టిఫికెట్లు, ఎన్ని జిరాక్స్ కాపీలు. ఎలాంటి బట్టల్లో రావాలో మాత్రం లేదు. అది అతన్నే ఊహించుకోమన్నాం. ఊహించుకుని కోటు కొనుక్కుని వస్తే, ఆ ఊహకు మార్కులు తగ్గించాం.

‘మేం బట్టలు చూడమండీ, టాలెంట్ చూస్తాం’ అని హెచ్ఆర్ వాళ్లు అంటారు. నేనూ అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. డాంగ్‌వన్ ఓ, ఎల్దార్ షఫీర్, అలెగ్జాండర్ టోడొరోవ్ అనే పరిశోధకులు 2020లో నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రికలో వేసిన వ్యాసం చదివాక ఆ మాట అనడం మానేశాను. మనుషుల ఫొటోలు చూపించి, ఎవరు సమర్థులుగా కనిపిస్తున్నారో చెప్పమన్నారు. ముఖం అదే. మెడ కింద బట్టలు మాత్రం మార్చారు, అదీ కాస్త ఖరీదుగా, కాస్త చవగ్గా అనిపించేంత తేడాతోనే. ఖరీదైన బట్టలున్న ముఖానికే ఎక్కువ సామర్థ్యం కట్టబెట్టారు చూసినవాళ్లు. సెకనులో ఏడెనిమిదో వంతు, అంటే 129 మిల్లీసెకన్లు చూపించినా అదే ఫలితం. బట్టలు పట్టించుకోవద్దని ముందే హెచ్చరించినా అంతే. సరిగ్గా చెబితే డబ్బులిస్తామన్నా అంతే.

అంటే బట్టలు చూడనని గట్టిగా అనుకున్నా, కన్ను ముందే చూసేసి ఉంటుంది.

ఇక్కడ కాస్త పక్కదారి పడతాను, ఏమనుకోకండి. అమెరికాలో పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాలు 1970, 80 దశకాల్లో వాద్యకారుల్ని ఎంచుకునేటప్పుడు మధ్యలో తెర కట్టడం మొదలుపెట్టాయి. వాయించేది ఎవరో కనబడకూడదు, వాద్యం మాత్రమే వినబడాలి. తెర కట్టినా ఒకటి దొరికిపోయేది: ఎత్తు మడమల చెప్పుల చప్పుడు. నడకను బట్టి వచ్చింది ఆడవాళ్లో మగవాళ్లో తెలిసిపోతుందని కొన్నిచోట్ల నేల మీద తివాచీ పరిచారు. తమ కన్నునీ చెవినీ నమ్మలేమని ఒప్పుకున్నవాళ్లు వాళ్లు. మా గదిలో తెరా లేదు, తివాచీ లేదు, ఆ ఒప్పుకోలూ లేదు.

మనం తెర కట్టలేం. నిజమే. ఎదురెదురుగా మాట్లాడాల్సిన ఉద్యోగాలే ఎక్కువ. కానీ ఒక వాక్యం రాయగలం కదా?

రాస్తే ఎలా రాయాలి అన్నది కూడా ముఖ్యమే. అమెరికా కార్ల కంపెనీ జనరల్ మోటార్స్‌లో మేరీ బర్రా మానవ వనరుల విభాగం చూస్తున్న రోజుల్లో పది పేజీల డ్రెస్ కోడ్‌ని ‘తగినట్టు వేసుకోండి’ అన్న అర్థం వచ్చే రెండు మాటలకు కుదించారు. లోపల పనిచేసేవాళ్లకు అది బాగానే ఉంటుంది. అక్కడ కూడా ఒక అధికారికి ఇబ్బంది వచ్చింది: తన టీంవాళ్లు అప్పుడప్పుడూ ప్రభుత్వ అధికారుల్ని కలవాలి, జీన్స్‌లో వెళ్తే ఎలా అని. చివరికి ఆ టీంవాళ్లే కూర్చుని, ఆఫీసులో ఒక జత మంచి ప్యాంటు ఉంచుకుందాం అని తేల్చుకున్నారు. బాగుంది. కానీ గుమ్మం బయట నిలబడ్డ అభ్యర్థి ఎవరితో కూర్చుని తేల్చుకోవాలి? ఏది తగినట్టో ఇంకా లోపలికి రానివాడికి ఎలా తెలుస్తుంది?

సరే, పిల్లలూ. కంపెనీలు మారేదాకా మీరు ఆగలేరు. వచ్చే వారం ఇంటర్వ్యూ ఉన్నవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. వినండి.

మొదటిది, అడగండి. ‘ఇంటర్వ్యూకి ఎలాంటి డ్రెస్‌లో రమ్మంటారండీ?’ అని కాల్ లెటర్ పంపినవాళ్లకు ఒక మెయిల్ పెట్టండి. అడిగితే చిన్నచూపు చూస్తారేమో అని టెన్షన్ పడకండి. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న అడిగినందుకు ఎవరికైనా మార్కులు తగ్గడం నేను చూడలేదు. ఊహించి తప్పినవాళ్లకు తగ్గడం చూశాను, తగ్గించాను కూడా.

జవాబు రాకపోతే, ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్లు రోజూ వేసుకునేదానికంటే ఒక మెట్టు పైన ఉండండి. ఒక్క మెట్టే. వాళ్లు టీషర్టుల్లో ఉంటే మీరు ఇస్త్రీ చొక్కా. వాళ్లు చొక్కాల్లో ఉంటే మీరు పైన కోటు. ఎటూ తేలకపోతే ఫార్మల్ వైపే మొగ్గండి. ఎక్కువైందనిపిస్తే కోటు విప్పి చేతి మీద వేసుకోవచ్చు, టై తీసి జేబులో పెట్టుకోవచ్చు. లేని కోటు అక్కడికక్కడ పుట్టించలేం. బ్యాంకులు, కోర్టు పనులు చూసే సంస్థల్లాంటి చోట సాధారణంగా కోటు ఎక్కువ కాదు. అదే మెషిన్ల దగ్గర పని చేసి చూపించమనే ఉద్యోగమైతే వేలాడే టై, వదులు చేతులు ప్రమాదం. అక్కడ వేళ్లు పూర్తిగా కప్పే షూస్ వేసుకెళితే, పని తెలిసినవాళ్లని ప్యానెల్‌కి అర్థమవుతుంది.

వీడియో ఇంటర్వ్యూకి సన్న చారల చొక్కా వద్దు, కెమెరాలో చారలు అలల్లా కదులుతాయి. పైన చొక్కా వేసుకున్నవాళ్లు కింద కూడా ప్యాంటు వేసుకోండి, ఛార్జర్ కోసం లేవాల్సి రావచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. ముందు రోజు రాత్రి మొత్తం డ్రెస్ వేసుకుని ఒక గంట ఉండండి. షూస్‌తో సహా. కుర్చీలో కూర్చోండి, వంగి పెన్ను తీయండి, బోర్డు మీద రాసినట్టు చెయ్యి పైకెత్తండి. మెడ దగ్గర బిగిస్తోందా, మడమ కొరుకుతోందా, చొక్కా బయటికి వస్తోందా? అన్నీ ఆ గంటలోనే బయటపడాలి. ఇంట్లో ఎవరినైనా వెనక నుంచి చూడమనండి. అద్దంలో మన వీపు మనకు కనబడదు. ఆ కుర్రాడి వీపు కూడా అతనికి కనబడలేదు.

కాగితంలో ఇంకా చాలా ఉంది. బెల్టు రంగూ షూ రంగూ కలవాలా, గడ్డం ఉంచుకోవచ్చా అని. వదిలేస్తున్నాను. ముందు వరుసలో ఉన్న మిత్రులతో ఒక మాట మాట్లాడాలి.

అయ్యా, అమ్మా, నేను ఒక వాక్యం రాసుకొచ్చాను. చదువుతాను. ‘మా ఆఫీసులో అందరం చొక్కా, ప్యాంటు లేదా అలాంటి మామూలు ఆఫీసు దుస్తుల్లో ఉంటాం, మీరూ అలాగే రండి, కోటు అవసరం లేదు.’ అంతే. మీ దగ్గర కోటు కావాలంటే కావాలనే రాయండి. ఏదో ఒకటి రాయండి. ఇంట్లో పెద్దవాళ్లు ఆఫీసు ఉద్యోగం చేసినవాళ్లైతే ఆ పిల్లలకు ఇవన్నీ తెలిసే ఉంటాయి. తెలియనిది తమ ఇంటి నుంచి మొట్టమొదటగా ఇంటర్వ్యూకి వస్తున్నవాళ్లకే. మీరు రాయని ప్రతిసారీ నష్టపోయేది వాళ్లే. సోమవారం పంపబోయే కాల్ లెటర్లలోనే చేర్చండి. పై నుంచి ఎవరి అనుమతీ అక్కర్లేదు దీనికి.

టైం అయిందని చూపిస్తున్నారు. ఒక్క నిమిషం. మధ్యాహ్నం మాక్ ఇంటర్వ్యూల కోసం కొత్త కోటు తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, గదిలోకి వెళ్లేముందు ఒకసారి ఇటు రండి. నేను ఈ మెట్ల పక్కనే ఉంటాను. సంచిలో చిన్న కత్తెర తెచ్చాను.