ముల్లు నుంచి లాప్‌టాప్ దాకా

శ్రోతలకు నమస్కారం.

పాత రికార్డులు తిప్పే టర్న్‌టేబుల్‌ను మొదటిసారి లాప్‌టాప్‌కు కలిపిన రోజు నా హెడ్‌ఫోన్‌లో వినబడినదాన్ని పాట అనలేను. ఎక్కడో దూరాన, రేకు డబ్బాలోంచి పాడుతున్నట్టు సన్నటి గొంతు. డ్రమ్ములు మోగుతున్నాయని తెలుస్తోంది గానీ ఆ దెబ్బలో బరువు లేదు. వీటన్నిటి కింద బొయ్యిమని ఆగకుండా ఒక మోత. ఎన్నో ఏళ్లు భద్రంగా దాచుకున్న రికార్డు పాడైపోయిందేమోనని కలవరపడ్డాను. రికార్డుకు ఏమీ కాలేదు, నేను కలిపిన తీరే తప్పు. ఆ తప్పు వెంట వెళ్లి తెలుసుకున్న సంగతులే ఈ రోజు మీతో పంచుకుంటున్నాను. రికార్డులోని పాటను లాప్‌టాప్‌లోకి ఎక్కించే ఈ పనిలో మంచిచెడ్డలన్నీ దాదాపుగా రికార్డ్ బటన్ నొక్కకముందే తేలిపోతాయి. తర్వాత కంప్యూటర్‌లో సరిచేసుకోవచ్చులే అనుకుంటే నిరాశే మిగులుతుంది.

ముందుగా ఆ సన్నటి గొంతు సంగతి. ముల్లు గాడిలో ఊగుతున్నప్పుడు, దాని పైనుండే కార్ట్రిడ్జ్‌లో సాధారణంగా ఒక చిన్న అయస్కాంతం తీగచుట్టల మధ్య కదులుతుంది. అలా పుట్టే విద్యుత్తు ఎంతో తెలుసా? సుమారు 5 మిల్లీవోల్టులు. టేప్ రికార్డరు, సీడీ ప్లేయరు వంటి పరికరాల నుంచి వచ్చే సంకేతం సాధారణంగా 300 మిల్లీవోల్టులకు తక్కువ ఉండదు. లాప్‌టాప్‌కు కలిపే పరికరాలు ఎదురుచూసేది ఆ స్థాయినే. అంటే ముల్లు చెప్పే మాటను మొదట వంద రెట్లు పెద్దది చేయాలి.

పెద్దది చేసినంత మాత్రాన సరిపోదు. రికార్డు కోసేటప్పుడే మంద్ర స్వరాలను బాగా తగ్గించి, తార స్వరాలను బాగా పెంచి కోస్తారు. మంద్ర స్వరాలకు ముల్లు చాలా వెడల్పుగా ఊగాలి. వాటిని ఉన్నదున్నట్టు కోస్తే ఒక గాడి పక్క గాడిలోకి దూసుకుపోతుంది, ఒక్కో వైపున పట్టే పాటలూ తగ్గిపోతాయి. ఇక తార స్వరాలను పెంచడం ఎందుకంటే, ప్లాస్టిక్ మీద ముల్లు రాసుకునే సన్నటి బుసను అవి మించిపోవాలి. ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అన్న లెక్కను ఆర్ఐఏఏ అనే అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం 1954లో ఖరారు చేసింది. ఆ లెక్క ప్రకారం 20 హెర్ట్జ్, అంటే సెకనుకు 20 కంపనాల దగ్గర స్వరం దాదాపు పదో వంతుకు తగ్గుతుంది, 20 వేల హెర్ట్జ్ దగ్గర దాదాపు పది రెట్లు పెరుగుతుంది. వినేటప్పుడు దీన్ని అచ్చంగా తిరగేయాలి. వంద రెట్లు పెంచడం, లెక్కను తిరగేయడం, ఈ రెండు పనులూ చేసే పరికరం పేరు ఫోనో ప్రీయాంప్లిఫయర్. నేను ఆ రోజు పెట్టనిది అదే.

కొన్ని టర్న్‌టేబుళ్లలో అది లోపలే ఉంటుంది. వెనక వైపు ఫోనో, లైన్ అని రెండు స్థానాలున్న మీట కనబడితే ఉన్నట్టే. మీట లైన్ వైపు ఉంచితే లోపలిది పనిచేస్తుంది. అలా ఉంచి, విడిగా మరో ప్రీయాంప్లిఫయర్ కూడా పెడితే శబ్దం రెండుసార్లు పెరిగి గరగరలాడుతుంది. రెండింటిలో ఒకటే వాడాలి.

ఇప్పుడు లాప్‌టాప్ వైపు చూద్దాం. చాలా లాప్‌టాప్‌లకు ఉండే ఒకే ఒక గుండ్రటి రంధ్రం ఫోన్ హెడ్‌సెట్ కోసం చేసినది. అందులో మైకు దారి ఒక్క ఛానల్‌కే సరిపోతుంది, పైగా మైకు కోసం ఆ తీగలో కాస్త విద్యుత్తు కూడా నిలిపి ఉంచుతారు. స్టీరియో పాటను అక్కడికి పంపితే కుడి ఎడమల తేడా పోతుంది, గొంతు చెదిరిపోతుంది. అందుకే శబ్దాన్ని అంకెలుగా మార్చి లాప్‌టాప్‌కు అందించే చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, అదీ లైన్ ఇన్ అనే స్టీరియో దారి ఉన్నది తెచ్చుకోమని గట్టిగా చెబుతాను. ప్రీయాంప్లిఫయర్ నుంచి ఎరుపు, తెలుపు తీగలు దానికి, దాని నుంచి ఒక్క యూఎస్‌బీ తీగ లాప్‌టాప్‌కు, అంతే. యూఎస్‌బీ నేరుగా ఉన్న టర్న్‌టేబుళ్లూ దొరుకుతాయి. వాటితో పని సులువే గానీ, చాలావాటిలో శబ్దం ఎంత స్థాయిలో లోపలికి రావాలో మనం నిర్ణయించలేం.

బొయ్యిమనే మోత గురించి. టర్న్‌టేబుల్ వెనక ఎరుపు, తెలుపు తీగల పక్కనే కొసన కొక్కెం లాంటి ముక్క ఉన్న సన్నని తీగ వేలాడుతుంటుంది. అది ఎర్త్ తీగ. ప్రీయాంప్లిఫయర్ మీద దాని కోసం ఒక మర ఉంటుంది. ఆ మర కింద తీగను బిగించగానే మోత తెగిపోయినట్టు ఆగిపోతుంది. అప్పటికీ కాస్త మిగిలితే లాప్‌టాప్ ఛార్జరు తీసేసి బ్యాటరీ మీద నడిపించి చూడండి. చాలాసార్లు దోషి ఛార్జరే.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన పని, రికార్డు శుభ్రం చేయడం. టేబుల్ దీపాన్ని ఏటవాలుగా వంచి రికార్డును దాని కింద పట్టుకోండి. నల్లటి అద్దం మీద వేల గీతలు సన్నగా మెరుస్తాయి. మామూలు వెలుతురులో కనబడని నూగు, వేలిముద్రలు, ఎప్పటిదో ఎండిన చుక్క, అన్నీ బయటపడతాయి. కార్బన్ పీచు బ్రష్షును రికార్డు మీద కదలకుండా ఆనించి, రెండు మూడు చుట్లు తిరగనిచ్చి, మెల్లగా అంచు వైపు జరుపుతూ తీసేయండి. బ్రష్షు కొసన బూడిద రంగు గీతలా దుమ్ము చేరుతుంది. ఆ ఒక్క గీత, తర్వాత మీరు కంప్యూటర్‌లో గంటసేపు ఏరుకోవలసిన చిటపటలతో సమానం. మురికి మొండిదైతే డిస్టిల్డ్ నీళ్లు, మెత్తటి గుడ్డ, గాడి వెంట గుండ్రంగా తుడవడం. ముల్లును కూడా చూడండి. దాని మొన చుట్టూ నూగు ఉండలా చుట్టుకుని ఉంటే పాట మసకబారినట్టు వినిపిస్తుంది.

ఒక హెచ్చరిక. 1948లో ఎల్పీ, అంటే ఎక్కువసేపు నడిచే లాంగ్ ప్లే రికార్డు రాకముందు, వచ్చిన తర్వాత కూడా కొన్నేళ్లపాటు, నిమిషానికి 78 చుట్లు తిరిగే బరువైన రికార్డులు ఉండేవి. వాటిలో ఎక్కువ భాగం లక్కతో చేసినవి. ఆల్కహాల్ కలిపిన ద్రవం ఏదీ వాటి మీద వేయకూడదు, లక్క కరిగిపోతుంది. వాటి గాడి కూడా వెడల్పు. వాటికి అంగుళంలో వెయ్యింట 3 వంతుల గుండ్రటి మొన ఉన్న ముల్లు కావాలి. ఎల్పీ ముల్లు మొన అంగుళంలో వెయ్యో వంతు మించదు, చాలావాటిలో అంతకంటే సన్నం. సన్నటి ముల్లును వెడల్పు గాడిలో దింపితే అది అడుగున ఉన్న మురికిని దువ్వుతూ పోతుంది, పాట మాత్రం గోడల మీదే ఉండిపోతుంది.

టర్న్‌టేబుల్‌ను గట్టి బల్ల మీద పెట్టండి. లాప్‌టాప్ వేరే బల్ల మీద ఉండాలి, లేకపోతే కీబోర్డు మీద వేలి దెబ్బ కూడా ముల్లుకు చేరుతుంది. రికార్డు చేస్తున్నంతసేపూ స్పీకర్లు ఆపి హెడ్‌ఫోన్‌లో వినండి. స్పీకరు అదురు గాడిలోకి తిరిగి వస్తే మంద్ర స్వరాలు ఉబ్బిపోతాయి.

ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పనికి చాలు. లాప్‌టాప్ సెట్టింగ్‌లలో శబ్దాన్ని తనంతట తానే పెంచే, తగ్గించే సదుపాయాలేవైనా ఉంటే ముందు వాటిని ఆపండి. అవి మాటల కోసం చేసినవి, పాటను మాట అనుకుని నలిపేస్తాయి. తర్వాత రికార్డులో అన్నిటికంటే గట్టిగా వచ్చే చోటు వెతికి, అక్కడ మీటరు సున్నాకు 6 డెసిబెల్స్ కింద ఆగేలా స్థాయి పెట్టండి. సున్నా దాటిన శబ్దం కొన తెగిపోతుంది, తెగిన కొనను ఎవరూ తిరిగి అతికించలేరు. ఒక్కో నమూనాను, అంటే శబ్దపు ఒక్కో కొలతను, 24 బిట్లలో తీసుకుంటే స్థాయి కాస్త తక్కువైనా నష్టం లేదు. సెకనుకు 44,100 నమూనాలు చాలు, చోటుంటే 96,000 పెట్టుకోండి. 22 నిమిషాల ఒక వైపు మొదటి లెక్కలో సుమారు 350 మెగాబైట్లు, రెండో లెక్కలో సుమారు 760 మెగాబైట్లు అవుతుంది. దాచేటప్పుడు ఫ్లాక్ అనే ఫైలు రూపంలోకి మారిస్తే ఒక్క అంకె కూడా పోకుండా పరిమాణం తగ్గుతుంది.

చిటపటలు తీసే సాధనాల దగ్గర నా అభిప్రాయం సూటిగానే చెబుతాను. విడివిడిగా వినిపించే టక్కులను తీసేయండి. అడుగున సాగే బుసను మొత్తం తుడిచేయాలని మాత్రం చూడకండి. అలా తుడిస్తే గాయకుడి ఊపిరి పోతుంది, తీగ మీద వేలు జారిన చప్పుడు పోతుంది, మిగిలిన గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు బుడబుడలాడుతుంది. ఏం చేసినా ఒక ప్రతి మీద చేయండి, మొదట తీసిన ఫైలును ముట్టుకోకండి.

కుడి ఎడమల తేడా లేని మోనో రికార్డులకు ఒక చక్కని ఉపాయం ఉంది. వాటిలో పాటంతా గాడి అటూ ఇటూ అడ్డంగా ఊగడంలోనే ఉంటుంది. ముల్లు పైకీ కిందికీ ఎగిరితే వచ్చేది వట్టి చప్పుడే. స్టీరియో కార్ట్రిడ్జ్‌తో తీసుకుని, తర్వాత రెండు ఛానళ్లనూ కలిపేస్తే ఆ నిలువు చప్పుడు ఒకదాన్నొకటి కొట్టుకుని తగ్గిపోతుంది. పాట చెక్కుచెదరదు. మొదటిసారి ఇది విన్నప్పుడు కిటికీ తుడిచినట్టు అనిపించింది నాకు.

చివరి పాట అయిపోగానే ఆపేయకండి. ముల్లు లోపలి గాడిలోకి చేరి తిరుగుతూ ఉంటుంది, ఎల్పీ అయితే ఒక్కో చుట్టుకు 1.8 సెకన్లు. ఓ ఐదారు చుట్లు అలాగే రికార్డు కానివ్వండి. పాట లేని ఆ కొద్ది సెకన్లలో మీ తీగల మోత ఎంతో, రికార్డు బుస ఎంతో స్పష్టంగా వినిపిస్తాయి. ఆ తర్వాత ముల్లు ఎత్తి, అక్కడే నున్నటి చోట చెక్కిన సంఖ్యను దీపం కింద చదివి ఫైలు పేరులో రాసుకోండి. ఆ రికార్డు ఏ అచ్చు నుంచి వచ్చిందో చెప్పేది ఆ సంఖ్యే. ఇక రికార్డు తిప్పండి, రెండో వైపు ఉంది.

సెలవు.