మానేశాకే చిగుళ్ల నుంచి రక్తం... ఎందుకు?

(తెర మీద: వాష్‌బేసిన్, నురగలో ఎర్రటి చార)

వాయిస్: బీడీ మానేసి పది రోజులైంది. పళ్ళు తోముతుంటే రక్తం. "తాగినన్నాళ్ళూ లేదే" అని మళ్లీ వెలిగించేవాళ్ళు టంగుటూరు, కొండపి పొగాకు ఊళ్ళలోనూ ఉన్నారు.

నికోటిన్ చిగుళ్లలోని సన్నటి రక్తనాళాలను బిగించేస్తుంది. లోపల వాపున్నా రక్తం పెద్దగా రాదు. మానేశాక నాళాలు తెరుచుకుంటాయి, దాగున్న జబ్బు బయటపడుతుంది. దానికి మందు బీడీ కాదు, క్లీనింగ్.

(క్లోజప్: మిల్లీమీటరు గీతలున్న కడ్డీ పన్నుకీ చిగురుకీ మధ్య దిగుతుంది)

డెంటిస్టు దీంతో లోతు కొలుస్తారు. 3 మిల్లీమీటర్ల దాకా మామూలే. 4, 5 వచ్చిందంటే చిగురు పన్నును వదులుతోందని. ఆ లోతులో గార బ్రష్‌కి అందదు, గీకి తీయాల్సిందే. తాగుతూ చేయించుకుంటే చిగురు అంత బాగా అతుక్కోదు.

పన్ను పీకించుకుంటే కనీసం 72 గంటలు పొగ వద్దు. పొగ పీలిస్తే గుంటలో కట్టిన రక్తపు గడ్డ ఊడొచ్చు. ఎముక బయటపడి, నొప్పి చెవిదాకా లాగుతుంది.

(క్లోజప్: కింది పెదవి లాగి చూపిస్తారు)

ఖైనీ పెట్టే చోటే తెల్లటి ముడతల మచ్చ. మానేసి రెండు వారాలైనా తగ్గకపోతే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు. గుట్కాలో వక్క కూడా ఉంటుంది, దానివల్ల బుగ్గల లోపల గట్టిపడి నోరు బిగుసుకుంటుంది. మూడు వేళ్ళు నిలువుగా పట్టకపోతే ఆగకుండా చూపించుకోండి. ఈ బిగుసుకోవడం మాత్రం గుట్కా మానేసినా పూర్తిగా తగ్గదు, ముదరకుండా ఆపుకోవాలంతే.

(తెర మీద: నికోటిన్ గమ్)

మానడానికి సాయంగా ఈ గమ్ ఇచ్చేముందు డెంటిస్టు అడిగే అసలు ప్రశ్న: నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటి బీడీ? అరగంటలోపే అయితే 4 మిల్లీగ్రాముల గమ్, లేదంటే 2. బబుల్‌గమ్‌లా నమిలితే రసం కడుపులోకి పోయి ఎక్కిళ్ళు, మంట. మెల్లగా నమలండి, ఘాటు తగలగానే బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టి ఆగండి. ఘాటు తగ్గాక మళ్లీ నమలండి. ఒక గమ్ అరగంట. ముందు 15 నిమిషాలు, నోట్లో ఉన్నంతసేపూ కాఫీ, నిమ్మసోడా తాగకూడదు. పులుపుంటే నికోటిన్ నోటిలో ఇంకదు.

పొగాకు ఆకు కాల్చే బ్యారన్ మంట దగ్గర రాత్రి మేలుకునేవాళ్ళకి చెయ్యి చుట్ట కోసం వెతుకుతుంది. గమ్ ముందే జేబులో ఉండాలి. మొదటి రెండు మూడు రోజులే గట్టివి. అప్పటికీ ఆగలేకపోతే పొగాకు మానడానికి సాయం చేసే జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.