వాళ్ళూ నరాలే అంటారు

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే. నేను అనలిస్ట్‌ని, అంటే ఫ్రాయిడ్ మొదలుపెట్టిన మాటల వైద్యం, సైకోఅనాలిసిస్, చేసేవాణ్ణి కానండి, డిగ్రీ పిల్లలకి సైకాలజీ చెప్పుకునేవాణ్ణి, అమెరికాలో స్పానిష్ మాట్లాడే పేదవాళ్ళ మనసులో మాట ఎవరు వింటారు అన్నదాని మీద చదువుకుంటూ ఉంటే నాకు తట్టినవే ఇవాళ మీతో చెప్తాను.

ముందు ఒక కుక్కల కథ. ఫ్రాయిడ్ కుర్రాడిగా ఉన్నప్పుడు స్పానిష్ రచయిత సెర్వాంటెస్‌ని ఒరిజినల్లోనే చదవాలని పట్టుబట్టి సిల్బర్‌స్టైన్ అనే ఫ్రెండ్‌తో కలిసి స్పానిష్ నేర్చేసుకున్నాడు. సెర్వాంటెస్ కథ ఒకదాంట్లో ఆసుపత్రి దగ్గర రెండు కుక్కలకి రాత్రిపూట మాటలొస్తాయి, ఒకటేమో తన బతుకంతా చెప్పుకుంటుంది, రెండోది వింటూ వింటూ అది దారి తప్పినప్పుడల్లా మళ్ళీ లైన్లో పెడుతుంది. వీళ్ళిద్దరూ ఉత్తరాల్లో ఆ కుక్కల పేర్లే పెట్టుకున్నారు, ఫ్రాయిడ్‌కి దక్కింది సిపియోన్, అంటే వినే కుక్క. నాకు ఇది భలే నచ్చుతుంది, ఆయన జీవితమంతా చేసిన ఉద్యోగం అదే కదా.

ఆ వినడం డబ్బున్నవాళ్ళకే ఎందుకు అని ఆయనే అడిగాడు కూడా. 1918లో బుడాపెస్ట్ సభలో, పేదవాడికి ఆపరేషన్ మీద ఎంత హక్కుందో మనసుకి సాయం మీదా అంతే హక్కుండాలన్నాడు. 1920లో బెర్లిన్‌లో, 1922లో వియన్నాలో ఫ్రీ క్లినిక్‌లు వచ్చాయి. ఈ వైద్యం అమెరికా చేరాక కథ మారింది, చాలాకాలం ఎండీ చదివినవాళ్ళే చెయ్యాలన్నారు, వారానికి నాలుగైదు సెషన్లు, ఫీజు సంగతి మీరే ఊహించుకోండి. మెల్లగా ఒక నమ్మకం స్థిరపడిపోయింది, పేదవాళ్ళకి ముందు తిండీ ఇల్లూ కావాలి, మందులు కావాలి, లోపల ఏముందో తవ్వుకునే తీరిక వాళ్ళకెక్కడిది అని. జాలిగా వినిపిస్తుంది గానీ ఇందులో అవమానం ఉంది, వాళ్ళకి కలలు రావా అండి?

లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ళని అమెరికాలో కొందరు లాటినెక్స్ అంటారు, ఆ మాట గురించి ఒక్క నిమిషం. స్పానిష్‌లో మగైతే లాటినో, ఆడైతే లాటినా, ఆ తేడా వద్దనుకున్నవాళ్ళు చివర్లో ఎక్స్ పెట్టారు. 2020లో ప్యూ రీసెర్చ్ అనే సర్వే సంస్థ వాళ్ళు అడిగితే, అమెరికాలో ఉన్న ఆ జనంలోనే ఈ మాట వాడేది సుమారు 3 శాతం. మాట అవసరమైనవాళ్ళకి చాలా అవసరం, మిగతావాళ్ళకి ఎవరో తగిలించిన బోర్డులా ఉంది. నేను చెప్పబోయేది కూడా ఇలా తగిలించిన పేరు గురించే.

కరీబియన్ సముద్రంలో ఉన్న ప్యూర్టోరికో ద్వీపం 1898లో స్పెయిన్ చేతి నుంచి అమెరికా చేతికొచ్చింది. 1917లో పౌరసత్వం ఇచ్చారు, కానీ ఇవాళ్టికీ ఆ ద్వీపంలో ఉన్నంతకాలం ప్రెసిడెంట్ ఎన్నికల్లో ఓటు లేదు. యుద్ధానికి మాత్రం వెళ్ళాల్సి వచ్చేది. కొరియా యుద్ధంలో దాదాపు 61 వేల మంది ప్యూర్టోరికన్లు పనిచేశారు. వాళ్ళ సొంత రెజిమెంట్ ఒకటుంది, 65వ ఇన్‌ఫాంట్రీ, వాళ్ళని బొరింకెనీర్స్ అనేవాళ్ళు, బొరింకెన్ అనేది ఆ ద్వీపానికి పాత పేరు. 1952లో ఒక పోరులో దెబ్బతిన్నాక కొత్త కమాండర్ వచ్చి ఏం చేశాడయ్యా అంటే మీసాలు గీసెయ్యమన్నాడు, వాళ్ళు ఇష్టంగా తినే అన్నం, బీన్స్ రేషన్ కోసేశాడు, బొరింకెనీర్స్ అన్న పేరు చెప్పుకోవద్దన్నాడు, నేను పిరికివాణ్ణి అని రాసిన బోర్డు కట్టించాడు. తర్వాత వెనక్కి తగ్గారని 90 మందికి పైగా కోర్టు మార్షల్ శిక్షలు పడ్డాయి, ఆ తర్వాత వాటిని మాఫీ చేశారనుకోండి. మీసం, అన్నం, పేరు. ఐడెంటిటీ అంటే ఏంటని మా పిల్లలు అడిగితే నేను థియరీ మొదలుపెట్టను, ఈ మూడే చెప్తాను.

ఆ 1950ల్లోనే మిలిటరీ డాక్టర్లు ప్యూర్టోరికన్ సైనికుల్లో ఒకటి గమనించారు. ఉన్నట్టుండి కేకలు, వణుకు, ఏడుపు, ఎదుటివాళ్ళని కొట్టడం, ఫిట్స్‌లా పడిపోవడం, తేరుకున్నాక ఏం జరిగిందో గుర్తుండకపోవడం, టెస్టులు చేస్తే ఏమీ దొరకదు. దానికి ప్యూర్టోరికన్ సిండ్రోమ్ అని పేరు పెట్టేశారు, జబ్బుకి ఒక జాతి పేరు! జనం అనుకునే మాట వేరే, అతాకే దె నెర్వియోస్, అంటే నరాల దాడి. 1994లో డీఎస్ఎం, అంటే అమెరికా సైకియాట్రిస్టులు మానసిక జబ్బుల్ని గుర్తించడానికి వాడే పుస్తకం, దాని నాలుగో ఎడిషన్ ఈ మాటనే సంస్కృతికి సంబంధించిన రుగ్మతల లిస్టులో చేర్చుకుంది.

ఫిలడెల్ఫియా బస్తీల్లో ప్యూర్టోరికన్లతో పనిచేసిన పాట్రీషియా గెరోవిచి అనే అనలిస్ట్, ఆవిడ పుట్టింది అర్జెంటీనాలో, 2003లో దీనిమీద ఒక పుస్తకమే రాశారు. నేను అర్థం చేసుకున్నంతలో ఆవిడ చెప్పేదేంటంటే, ఇది ఫ్రాయిడ్ కాలం నాటి హిస్టీరియానే, అంటే మనసులో బాధ ఒంట్లో బయటపడటమే, పేరు మార్చి ఒక జాతికి అంటగట్టారు, ఆ పడిపోవడంలో ఎవరికో చెప్పాలనుకున్న మాట ఉంది, మీరు దాన్ని వాళ్ళ కల్చర్ అనేస్తే ఇంక వినక్కర్లేదు కదా. ఈ చివరి ముక్క దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. వాళ్ళ కల్చర్ అంతే అనడం పైకి గౌరవంగానే ఉంటుంది, అదే తలుపు వేసెయ్యడం కూడా.

మీలో కొందరికి ఈపాటికి మన పూనకాలు గుర్తొచ్చుంటాయి. రెండూ ఒకటే అనొద్దు, జాతరలో పూనకానికి ఒక చోటు, ఒక వేళ ఉన్నాయి, అడిగేవాళ్ళూ ఉన్నారు. భాషలో మాత్రం పోలిక ఉంది. మనమూ నరాల వీక్‌నెస్ అంటాం కదా, టెన్షన్ అంతా నరాల్లోనే పెడతాం. ఇంకోటి, ఇంగ్లిష్‌లో అటాక్ గురించి చెప్పాలంటే 'నేను' అని మొదలెట్టాలి, స్పానిష్‌లో మె దియో అంటారు, నాకు ఇచ్చింది అని, మనమేమో నాకు వచ్చింది అంటాం. కోపం, భయం, ఏడుపు మనకీ వాళ్ళకీ బయట్నుంచి వచ్చి పడతాయి. అనలిస్ట్‌కి ఈ చిన్న 'నాకు' బంగారం, ఎవరిచ్చారు, ఎక్కణ్ణుంచి వచ్చింది అని అడగడానికి వీలుంటుంది. ఇంగ్లిష్‌లోకి మార్చగానే ఆ ప్రశ్నకి చోటే ఉండదు.

రెండు భాషల్లో బతికేవాళ్ళ సంగతి రాల్ఫ్ గ్రీన్సన్ అనే అమెరికన్ అనలిస్ట్ 1950లోనే రాశాడు. ఆయన పేషెంట్ ఒకావిడ జర్మన్‌లో తాను భయపడే మురికి పిల్లననీ, ఇంగ్లిష్‌లో పద్ధతైన ఆడదాన్ననీ చెప్పుకుంది. మరి థెరపీ ఇంగ్లిష్‌లో నడిస్తే గదిలోకి వచ్చేదెవరు? బస్తీ క్లినిక్‌లో ఇంకా కష్టం, స్పానిష్ వచ్చిన డాక్టర్ ఉండకపోవచ్చు, ఇంటర్‌ప్రెటర్ దొరక్కపోతే అమ్మ చెప్పేది ఎనిమిదేళ్ళ పిల్లాడు ఇంగ్లిష్ చేసి చెప్పాలి, వాళ్ళ నాన్న గురించే అయినా సరే. న్యూజెర్సీలో ఇంగ్లిష్ రాని మన అమ్మమ్మల్ని హాస్పిటల్‌కి తీసుకెళ్ళే మనవలకి ఇది కొంచెం తెలుసు.

చివరిగా ఒకటి. స్పానిష్‌లో మనలాగే మీరు, నువ్వు ఉన్నాయి, ఉస్తెద్, తూ. పెద్దామె డాక్టర్ని నెలల తరబడి ఉస్తెద్ అనే పిలుస్తుంది, ఒకరోజు కోపంలోనో చనువులోనో నోరుజారి తూ అంటుంది, అనేసి నోరు మూసుకుంటుంది. అక్కడ ఎవరితో మాట్లాడుతోందో, డాక్టర్‌తోనా, కొడుకుతోనా, ఎప్పుడో పోయిన చెల్లెలితోనా, అది కదా వినాల్సింది. ఇంగ్లిష్‌లో రాసిన ఫైల్లో రెండుచోట్లా 'యూ' అనే ఉంటుంది.