నిఠారీ: రాయని ఫిర్యాదు, కాయని స్థలం

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, న్యాయశాస్త్ర విద్యార్థులకు నమస్కారం.

తేలని బాలల హత్యల గురించి, దర్యాప్తు లోపాల గురించి మాట్లాడమన్నారు. దేశమంతా చుట్టివస్తే ఏదీ మనసులో నిలవదు కనుక, ఒక్క ఊరి దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. ఉత్తరప్రదేశ్‌లో, ఢిల్లీని ఆనుకుని ఉన్న నోయిడాలో, 31వ సెక్టారు బంగళాల పక్కన నిఠారీ అనే పాత ఊరు ఉంది. బెంగాల్ నుంచి, బీహార్ నుంచి వచ్చి ఇళ్ళలో పనిచేసేవారు, రిక్షా తొక్కేవారు, బట్టలు ఇస్త్రీ చేసేవారు అక్కడి ఒంటిగది అద్దె ఇళ్ళలో ఉండేవారు. వాళ్ళ పిల్లలు 2005, 2006 సంవత్సరాల్లో ఒక్కొక్కరే కనపడకుండా పోయారు. 2006 డిసెంబరు 29న డీ-5 నంబరు ఇంటి వెనుక కాలువలో పుర్రెలు, ఎముకలు, చిన్నపిల్లల బట్టలు, చెప్పులు బయటపడ్డాయి.

ఆ ఇంటి యజమాని, పనివాడు అరెస్టయ్యారు. వారి పేర్లు ఈ ప్రసంగంలో ఎత్తను; ఇద్దరూ ఇప్పుడు చట్టం దృష్టిలో నిర్దోషులు. 2007 జనవరిలో కేసు సీబీఐ చేతికి వెళ్ళింది. సీబీఐ 16 కేసుల్లో అభియోగపత్రాలు వేస్తే, 13 కేసుల్లో పనివాడికి కింది కోర్టు ఉరిశిక్ష విధించింది. అందులో 12 కేసుల్లో శిక్షను అలహాబాద్ హైకోర్టు 2023 అక్టోబరు 16న కొట్టివేసింది. మిగిలిన ఆ ఒక్క కేసులోనూ 2025 నవంబరు 11న సుప్రీంకోర్టు అతణ్ణి విడుదల చేసింది. అంత సుదీర్ఘ దర్యాప్తు తరువాత కూడా అసలు హంతకుడెవరో తేలకపోవడం తీవ్ర విచారకరమని అదే తీర్పులో కోర్టు అంది.

తీర్పు వచ్చిన రోజున "కోర్టులు వదిలేశాయి" అన్నమాట చాలామంది నోట విన్నాను. ఆ మాటతో నాకు ఏకీభావం లేదు. ఈ కేసు 2025లో పోలేదు. 2005లో, స్టేషన్‌లో ఫిర్యాదు రాసుకునే బల్ల దగ్గరే పోయింది.

పిల్ల కనపడడం లేదని వెళ్ళిన తల్లిదండ్రులకు తమ పిల్ల ఎవరితోనో వెళ్ళిపోయి ఉంటుందని, తానే తిరిగి వస్తుందని జవాబు వచ్చిందని ఆ కుటుంబాలు బాహాటంగానే చెప్పాయి. ఒకే వీధి చుట్టుపక్కల నుంచి ఇంతమంది పిల్లలు పోతుంటే, ఆ ఫిర్యాదులన్నిటినీ ఒక్కచోట పెట్టి చూసే అధికారి ఒక్కరు లేకపోయారు. చివరికి కేసు కదిలింది కూడా ఒక యువతి తండ్రి కోర్టు మెట్లెక్కినందువల్ల, ఆమె మొబైల్ ఫోను ఆచూకీ దొరికినందువల్ల. దీని పక్కనే మరో సంగతి పెట్టి చూడండి. అదే 2006 నవంబరులో, అదే నోయిడాలో, పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ అధికారి మూడేళ్ళ కొడుకును ఎవరో ఎత్తుకుపోతే, యంత్రాంగమంతా కదిలింది, కొద్ది రోజుల్లోనే బిడ్డ ఇల్లు చేరాడు. ఆ బిడ్డ దొరకడం సంతోషమే. పోలీసులకు వెతకడం చేతకాదన్న సాకు మాత్రం ఆ నెలతో చెల్లకుండా పోయింది.

మన దగ్గర ఇది జరగదని అనుకోకండి. నేను జూనియర్‌గా ఉన్న రోజుల్లో, మా జిల్లాలోని ఒక స్టేషన్‌కు పన్నెండేళ్ళ పిల్లవాడి తండ్రితో కలిసి వెళ్ళాను. ఆయన చొక్కా జేబులో స్కూలు ఐడీ కార్డు నుంచి ఊడదీసిన ఫోటో ఉంది, వెనక జిగురు ఇంకా అంటుకునే ఉంది. రైటరు ఫోటో వంక చూడనైనా చూడకుండా, "రెండ్రోజులు చుట్టాల ఇళ్ళల్లో చూసుకో పెద్దాయనా, అప్పటికీ రాకపోతే రా" అన్నాడు. తొమ్మిదో రోజున పిల్లవాడు విజయవాడ రైల్వే స్టేషన్‌లో దొరికాడు. అప్పుడు మాత్రం అదే రైటరు ఫోన్ చేసి పిలిపించి, పిల్లవాడు క్షేమంగా చేరాడని తండ్రి చేత వేలిముద్ర వేయించుకున్నాడు. తప్పిపోయినట్టు ఎక్కడా నమోదు కాని పిల్లవాడు దొరికినట్టు మాత్రం కాగితం మీదికెక్కాడు. నిఠారీ తీర్పులు చదువుతున్నంతసేపూ నాకు ఆ ఫోటో వెనకాల జిగురే గుర్తొచ్చింది.

ఇక ఘటనా స్థలం సంగతి. ఇంటి వెనుక సందులోకి దిగి మొదట మట్టి తవ్వింది తామేనని పిల్లల తండ్రులే చెప్పారు. తవ్వకం మొదలయ్యేలోపు ఆ స్థలాన్ని ఎవరూ అధీనంలోకి తీసుకోలేదని, నిందితుడు చూపించాడంటున్న మాటను అప్పటికప్పుడు రాసుకోలేదని, రిమాండ్ కాగితాల్లో ఒకదానికొకటి పొంతన లేని కథనాలున్నాయని సుప్రీంకోర్టు ఎత్తిచూపింది. ఈ కేసుకు వర్తించిన పాత సాక్ష్య చట్టం 27వ సెక్షన్ మీకు నేను చెప్పక్కర్లేదు: కస్టడీలో నిందితుడు చెప్పిన మాట వల్లే వస్తువు బయటపడితేనే ఆ మాటకు ఆ సెక్షన్ కింద విలువ. నలుగురూ నడిచే సందులో, అప్పటికే జనం తవ్వుతున్న కాలువలో దొరికిన ఎముకలను నిందితుడు "చూపించాడు" అని పంచనామా రాస్తే, అది కోర్టులో ఎంతసేపు నిలుస్తుంది? అన్ని హత్యలు జరిగాయంటున్న ఆ ఇంట్లో, నిపుణులు వెతికినా అందుకు తగ్గ రక్తపు మరకలు దొరకలేదు. ఎముకలు ఎవరివో తేల్చిన డీఎన్ఏ పరీక్షలు మన హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరిశోధన కేంద్రంలో జరిగాయి. ఆ శాస్త్రజ్ఞులు తమ పని తాము చేశారు. అయితే చనిపోయింది ఎవరి బిడ్డో డీఎన్ఏ చెప్పగలిగింది కానీ, చంపింది ఎవరో దాని వల్ల తేలదు. ఈ రెంటినీ కలిపేసి చదివినందువల్లే కేసు గట్టిదని మనమంతా చాలాకాలం నమ్మాం.

అలాంటప్పుడు ఇన్ని ఉరిశిక్షలు దేని మీద నిలబడ్డాయి? ప్రధానంగా ఒక ఒప్పుకోలు వాంగ్మూలం మీద. దాదాపు 60 రోజులు పోలీసు కస్టడీలో ఉంచిన తరువాత, 2007 మార్చిలో, అప్పటి నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ) 164 సెక్షన్ కింద మేజిస్ట్రేటు దాన్ని నమోదు చేశారు. అన్ని రోజుల్లో సరైన వైద్య పరీక్ష లేదు, న్యాయవాది సహాయం నామమాత్రం. తనను హింసించారని, ఏం చెప్పాలో నేర్పించారని ఆ వాంగ్మూలంలోనే అతడు చెప్పాడు. 2011లో సుప్రీంకోర్టు ఆ వాంగ్మూలాన్నే నమ్మి ఒక కేసులో ఉరిశిక్షను ఖాయం చేసింది. 2014 సెప్టెంబరులో మీరట్ జైల్లో ఉరితీతకు ఏర్పాట్లు కూడా జరిగాక, అర్ధరాత్రి దాటిన తరువాత స్టే వచ్చింది. క్షమాభిక్ష దరఖాస్తు మీద జరిగిన జాప్యం కారణంగా 2015లో హైకోర్టు ఆ శిక్షను యావజ్జీవంగా మార్చింది. 2023లో మిగతా 12 కేసుల్లో అదే వాంగ్మూలాన్ని హైకోర్టు పక్కన పడేసింది, 2025 జులైలో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. ఒకే వాంగ్మూలం 12 కేసుల్లో చెల్లక, ఒక్క కేసులో చెల్లుబాటు కావడం కుదరదు కాబట్టి, రివ్యూ కూడా తోసేశాక మిగిలే చివరి దరఖాస్తు, చాలా అరుదుగా మంజూరయ్యే క్యురేటివ్ పిటిషన్‌ను కోర్టు ఆమోదించింది. ఆ రాత్రి స్టే రాకపోయి ఉంటే క్యురేటివ్ పిటిషన్ వేయడానికి మనిషే మిగిలేవాడు కాదు.

ఒప్పుకోలు చేతికి రాగానే మిగిలిన దారులన్నీ మూతపడడం మన దర్యాప్తుకు పాత జబ్బు. కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ నియమించిన కమిటీ అప్పట్లోనే పోలీసుల నిర్లక్ష్యాన్ని తప్పుపట్టి, అవయవాల వ్యాపారం కోణాన్ని కూడా పరిశీలించాలని సూచించింది. ఆ కోణాన్ని సరిగా పట్టించుకోకపోవడాన్ని హైకోర్టు 2023 తీర్పులో ఘాటుగా విమర్శించింది. అవయవాల కోసమే చంపారని నేను అనడం లేదు. చూడాల్సినచోట చూడలేదు, కనుక అవునని గానీ కాదని గానీ చెప్పే స్థితిలో ఇవాళ ఎవరూ లేరు.

తెలుగువారికి ఈ కథ కొత్తది కాదు. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం హాస్టల్లో హత్యకు గురైనది చిన్నపిల్ల కాదు, ఫార్మసీ విద్యార్థిని. కేసు నడిచిన తీరు మాత్రం ఇదే. ఒక పేద యువకుడికి 2010లో శిక్ష పడింది, 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషి అంది. 2019లో బొమ్మలరామారం మండలం హాజీపూర్‌లో ఒక బాలిక కోసం వెతుకుతూ పాడుబావిలోకి దిగారు, ఆ దర్యాప్తులోనే మరో ఇద్దరి ఆనవాళ్ళూ బయటపడ్డాయి. వారిలో ఒకరు 2015లోనే కనపడకుండా పోయిన చిన్నారి. నాలుగేళ్ళు ఆ బిడ్డ ఉన్నది సొంత ఊరికి దగ్గర్లోనే.

చట్టం మారలేదని అనను. 2013 మే నెలలో, తప్పిపోయిన పిల్లల ప్రతి ఫిర్యాదునూ ఎఫ్ఐఆర్‌గా నమోదు చేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. అదే ఏడాది నవంబరులో లలితా కుమారి కేసులో రాజ్యాంగ ధర్మాసనం, విచారణార్హమైన నేరం గురించి సమాచారం అందితే ఎఫ్ఐఆర్ తప్పనిసరి అంది. ఆ కేసు మొదలైంది కూడా ఉత్తరప్రదేశ్‌లో కనపడకుండా పోయిన ఒక చిన్నపిల్ల తండ్రి ఫిర్యాదుతోనే. సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 176(3) సెక్షన్ ప్రకారం ఏడేళ్ళు, అంతకు మించిన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి రావాలి. 105వ సెక్షన్ ప్రకారం సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలి. ఇందులో ఫోరెన్సిక్ నిబంధనను అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ళ గడువు ఇచ్చారు. క్లూస్ టీమ్ చేరేలోపు ఎస్సై తాడు కట్టించి, జనాన్ని ఆపి, అడుగుపెట్టిన ప్రతి ఒక్కరి పేరూ రాసుకోవడం నిపుణుల పనికాదు, దానికి గడువూ అక్కర్లేదు.

రేపు మీలో కొందరు పబ్లిక్ ప్రాసిక్యూటర్లవుతారు, కొందరు డిఫెన్సు వైపు నిలబడతారు. ఏ వైపున ఉన్నా ఇలాంటి ఫైలు చేతికొచ్చినప్పుడు అభియోగపత్రంతో చదవడం మొదలుపెట్టకండి. తల్లిదండ్రులు మొదటిసారి స్టేషన్ గడప తొక్కిన తేదీ ఏది, ఎఫ్ఐఆర్ మీద ఉన్న తేదీ ఏది, ఆ రెంటి మధ్య జనరల్ డైరీలో, అంటే స్టేషన్ రోజువారీ పుస్తకంలో, ఏం రాశారు అన్నది ముందు వెతకండి. నేను చూసిన ఫైళ్ళలో చాలావాటికి ఆ మధ్య పేజీలే దొరకలేదు.

ప్రశ్నలుంటే అడగండి, కూర్చునే సమాధానం చెబుతాను.